చాపకు నేర్పిన సున్నా

నూకరత్నం పోయిన ఉదయం కూడా ఆవిడ గది తలుపు మీది దీపం ఆకుపచ్చగానే ఉంది.

ఆ దీపం చూశాకే ఆవిడ భర్త సన్యాసిరావు మాస్టారు గుమ్మం దాటారు. చేతిలో రెండు కమలాపళ్లు ఉన్నాయి. లోపల మంచం పక్కన నిలబడ్డ ఆయా అసిరి ఆయన ముఖం చూడకుండా, "మాస్టారూ, మీరు కాసేపు బయట కూకోండి" అంది. ఆయన కూర్చోలేదు. ఊపిరి ఆగి పది నిమిషాలైందని డాక్టరు చెప్పాడు. మూడు రోజుల నుంచి సన్నగా జ్వరం ఉందనీ, ఈ వయసులో మామూలేననుకున్నామనీ అన్నాడు.

దుప్పటి మార్చడానికి ఆవిడను పక్కకు తిప్పినప్పుడు వెన్నుపూస చివర పుండు కనిపించింది. అరచేయంత ఉంది. ఇలాంటి పుండు లోపల మొదలై చాలా రోజులకు గాని పైకి రాదట. దాని విషమే నెత్తురులో కలిసింది.

"నొప్పని ఒక్కపాలి అన్లేదు మాస్టారూ" అంది అసిరి. "నిన్న కూడా అడిగినాను. దీపం బాగానే ఉన్నాది కదే, ఎల్లి నీ పని సూసుకో అంది."

మాస్టారు పళ్లను కిటికీలో పెట్టారు. బయటికి వస్తూ మళ్లీ తలెత్తి చూశారు. మంచం మీద మనిషి లేనప్పుడు ఆరిపోవలసిన దీపం, ఇంకా మనిషిని ఎత్తలేదు గనక, ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది.

భీమిలి దాటాక సముద్రానికి ఎదురుగా కట్టిన తీరవనంలో ఎనభై మంది పెద్దవాళ్లు ఉంటారు. తిరగగలిగినవాళ్లు ముందు వరస చిన్న ఇళ్లలో, మంచం పట్టినవాళ్లు వెనక శుశ్రూష విభాగంలో. చూడవచ్చినవాళ్లకు అక్కడ లోటు కనిపించదు. పొద్దుట మూడు రకాల టిఫిన్లు. కాళ్లకు కసరత్తు చేయించడానికి గోరువెచ్చని నీటి కొలను. చక్రాల కుర్చీ ఇసుకలో కూరుకుపోకుండా అలల దాకా వేసిన చెక్కబాట. పిల్లలు లేని మాస్టారు దంపతులు ఆ చెక్కబాట చూసే అక్కడ చేరారు. నూకరత్నానికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయాక ఆవిడ వెనక విభాగానికి మారింది. ఆయన ముందు వరసలోనే ఉండిపోయారు.

చాప వచ్చింది అప్పుడే. దానికి కంపెనీవాళ్లు పెట్టిన పెద్ద పేరు ఒకటి ఉంది గాని, దుప్పటి కింద పరిచేది కాబట్టి అందరూ చాప అనే అన్నారు. పడుకున్న మనిషి ఊపిరినీ గుండె కొట్టుకోవడాన్నీ కండరాల బిగింపునీ పట్టి ఒంట్లో నొప్పి ఎంత ఉందో చెబుతుంది. నొప్పి లేకపోతే దీపం ఆకుపచ్చ, ఉంటే పసుపు, ఎక్కువైతే ఎరుపు. నొప్పి తప్ప మరేదీ అది చెప్పదు. అయితే ఏ బిగింపు ఎంత నొప్పికి గుర్తో అది పుట్టుకతో ఎరగదు. మనిషే నేర్పాలి. మూడు నెలలపాటు రోజుకు రెండుసార్లు ప్రతి మంచం దగ్గరా నిలబడి, నొప్పి పదికి ఎంత అని అడిగి, చెప్పిన అంకెను నమోదు చేయాలి. నిజాయితీపరుడైన మనిషి కావాలన్నారు. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి, ఒక్క మార్కు అటూ ఇటూ వేయని సన్యాసిరావు మాస్టారి కంటే ఎవరు దొరుకుతారు? ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పలక లాంటి యంత్రం చేతపట్టుకుని మంచం మంచానికీ తిరిగారు. ఎవరు ఏం చెబితే అది వేశారు.

నూకరత్నం మంచం ఆఖరిది. "సున్నా వేసేయండి. వేసేసి ఇలా కూర్చోండి" అనేది ఆవిడ. ఆయన సున్నా వేసి, కూర్చుని, కమలాపండు ఒలిచేవారు.

చాప చదువు పూర్తయ్యాక తీరవనానికి నాణ్యతలో అయిదు నక్షత్రాలు వచ్చాయి. ఫిర్యాదుల పుస్తకం ఖాళీగా ఉంది. అంతకుముందు మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పేవారు. ఊరికే తిప్పి నిద్ర చెడగొట్టడం ఎందుకు, దీపం పసుపైనప్పుడే తిప్పితే చాలు అన్నారు. పన్నెండుమంది ఆయాలు అయిదుగురయ్యారు.

పెద్దకర్మ అయిన మర్నాడు మాస్టారు బస్సెక్కి విశాఖ వెళ్లారు. చాపను తయారుచేసిన డాక్టర్ తస్లీమ్ ప్రయోగశాల కొండవాలులో ఉంది. ఆమె నలభై ఏళ్ల మనిషి. మాట పడిపోయిన వాళ్ల దాదీ, అంటే నాయనమ్మ, నొప్పి చెప్పుకోలేక చెప్పుకోలేక పోయిందనీ, అందుకే ఈ పని ఎత్తుకున్నాననీ చాపలు పరచిన రోజున తీరవనంలో ఆమె చెప్పింది. ఆ మాట మాస్టారికి గుర్తుంది. అందుకే కేకలు వేయడానికి వెళ్లలేదు. దీపం ఎందుకు మారలేదో తెలుసుకోవడానికి వెళ్లారు.

ఆయన చెప్పిందంతా విని ఆమె లేచింది. బల్ల మీద పరిచిన చాపను చూపించి, "మాస్టారూ, మీ కుడి మోకాలు నొప్పి కదా. ఒకసారి పడుకోండి" అంది. ఆయన పడుకున్నారు. ఆమె మోకాలును మెల్లగా వంచింది. తెర మీద నాలుగు అని వచ్చింది, దీపం పసుపైంది. ఎంత ఉందని అడిగింది. నాలుగే అన్నారాయన.

ఆమె తెర మీద ఏదో మార్చి అదే మోకాలును అంతే వంచింది. ఈసారి సున్నా వచ్చింది. దీపం ఆకుపచ్చ అయింది.

"ఏం మార్చారమ్మా?"

"ఏమీ లేదు మాస్టారూ. మగ అని ఉన్నచోట ఆడ అని పెట్టాను."

మాస్టారు బల్ల దిగి చొక్కా సర్దుకున్నారు. ఆమె నూకరత్నం పేరు మీదున్న నమోదులు తెరిచింది. ఊపిరి గీత, గుండె గీత, కండరాల గీత ఒకదాని కింద ఒకటి రంపపు పళ్లలా ఉన్నాయి. వాటి కింద వరసగా ఆయన వేసిన సున్నాలు. నూట డెబ్బయ్యారు. ఒళ్లు అంత బిగుసుకుపోయి ఉన్నప్పుడల్లా పక్కన సున్నా ఉంటే, ఆ బిగింపునే నెమ్మది అనుకుంది చాప. వెనక విభాగంలో ఆడవాళ్లందరి వరసలూ కాస్త అటూ ఇటూగా అలాగే ఉన్నాయి. మగవాళ్లు మాత్రం నాలుగులూ ఆరులూ ధారాళంగా చెప్పుకున్నారు.

"ఈ తేడా నాకు ముందే కనిపించింది" అంది తస్లీమ్. "కంపెనీ సమావేశంలో అడిగాను. ఆడవాళ్లకి ఓర్పు ఎక్కువ అన్నారు. అదే కారణమని రాసి అందరం సంతకాలు పెట్టాం. నేనూ పెట్టాను."

సున్నాల మధ్య ఒక్కచోట ఆరు ఉంది. మాస్టారు దాని మీద వేలు పెట్టారు. తేదీ చూస్తే ఆయన జ్వరంతో పడుకున్న రోజు. ఆ పూట ఆయన బదులు అసిరి అడిగి వేసింది. నూట డెబ్బయ్యారింటి మధ్య అదొక్కటీ పొరపాటనుకుని చాప దాన్ని లెక్కలోంచి తోసేసింది.

మళ్లీ నేర్పవచ్చా అని అడిగారు మాస్టారు. ఏ ఆశ్రమం చాపలకు ఆ ఆశ్రమంలోనే మళ్లీ నేర్పవచ్చు, ఆ వీలు తాను తీసేయలేదు అంది ఆమె. కానీ తీరవనంలో నేర్చిన పాఠాన్నే కంపెనీవాళ్లు మరో పదకొండు ఆశ్రమాలకు పంపారు. వాటి సంగతి తన చేతిలో లేదు. మరొక్క మాట కూడా చెప్పింది.

"కోపంకొద్దీ అందరూ పది, పది అనకూడదు మాస్టారూ. అప్పుడు చాప ఇంకో రకంగా చెడుతుంది. ఉన్నంతే చెప్పాలి."

"ఉన్నంతే చెప్పడమేనమ్మా కష్టం" అన్నారు మాస్టారు.

మర్నాడు పది గంటలకు భోజనాల గదిలో బడి పెట్టారాయన. చక్రాల కుర్చీల మీద కొందరు, చేతికర్రలతో కొందరు, పద్నాలుగుమంది ఆడవాళ్లు వచ్చారు. పిలవకపోయినా రిటైర్డ్ రైల్వే గార్డు జోసెఫ్ గారు కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. జరిగిందంతా మాస్టారు దాచకుండా చెప్పారు. తప్పుడు లెక్క తన చేత్తోనే వేశానన్నారు. ఇప్పుడు దిద్దాలి, ఎవరికి ఎంత నొప్పి ఉందో చెప్పండి అన్నారు.

ఒకావిడ పైట సర్దుకుంది. ఇంకొకావిడ, "ఏదో ఉంటాది బాబూ, ఒళ్లన్నాక" అంది. నలభై ఏళ్లు హాస్టల్లో వంట చేసిన వరాలమ్మ, "సెప్పుకుంటే తగ్గుద్దా ఏటి" అని చక్రాల కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది.

జోసెఫ్ గారు చెయ్యెత్తారు. రాత్రి దోమ కుట్టిందనీ, తొమ్మిది వేసుకోమనీ అన్నారు.

"దోమకి తొమ్మిదైతే కానుపుకెంత బాబూ?" అంది వరాలమ్మ, కిటికీ వైపు నుంచి తిరగకుండానే.

ఆడవాళ్లు నవ్వారు. అలా మొదలైంది. కానుపుకు పదా, పది చాలదా అని వాదన వచ్చింది. మరి గంజి ఒంపుకుంటే? హాస్టల్లో ఒకసారి పాదం మీద డేగిసా గంజి పడిన సంగతి వరాలమ్మ చెప్పింది. కానుపు తరువాత అదేనని తేల్చారు. తేలు కుట్టడం దాని కింద. ముల్లు దిగడం ఇంకా కింద. చీమ అన్నిటికన్నా కింద. పదికి ఎంత అంటే పలకని మనుషులు, ముల్లా తేలా అంటే తడుముకోకుండా చెప్పారు. మాస్టారు ఆ అయిదింటినీ నల్లబల్ల మీద రాసి, పలక మీది అంకెల పక్కన కూడా ఆ పేర్లు అంటించారు. ఎవరిది వాళ్ల ఒంటికి వచ్చేసరికి మాత్రం అందరూ మళ్లీ పైటలు సర్దుకున్నారు.

ఆయనకు అసిరి వేసిన ఆ ఆరు అంకె గుర్తొచ్చింది. పలకను అసిరి చేతికిచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అంకెల యంత్రం పట్టుకుని, ఎదురుగా నిలబడి అడిగే మగవాడికి ఆ ఊళ్ల ఆడవాళ్లు నొప్పి చెప్పరు. మర్యాదగా పంపించేస్తారు. ఇంతకాలం ఆయన రాసింది ఆ మర్యాదనే. నూకరత్నం ఇంకొంచెం ఎక్కువే చేసింది. ఆ పని త్వరగా అయిపోతే ఆయన త్వరగా కూర్చుంటారని చూసింది.

ఆ రోజు నుంచి అసిరి కాళ్లు పిసుకుతూ, తల దువ్వుతూ, "ఏటమ్మా, ముల్లా తేలా?" అని అడిగేది. మాస్టారు గది బయట బల్ల మీద కూర్చునేవారు. లోపల మాటలు ఆయనకు వినపడేవి కావు. వినాలని అనుకోలేదు కూడా.

మూడో వారానికి దీపాలు మారడం మొదలైంది. ముందు రెండు పసుపు, తరువాత ఆరు, ఒకనాడు మధ్యాహ్నం మూడు ఎరుపులు ఒకేసారి. అయిదుగురు ఆయాలు పరుగులు పెట్టారు. సాయంత్రం అసిరి వచ్చి మాస్టారి ముందు నేల మీద కూలబడింది.

"నిజం సెప్పించీసినారు, బాగానే ఉన్నాది. ఇప్పుడు తిప్పీవోలెవులు మాస్టారూ? నాకూ రెండే సేతులు."

అది ఆయన ఆలోచించని సంగతి. తప్పు దిద్దితే ఆ బరువు ఎవరి మీద పడుతుందో చూడలేదు. మర్నాడు ముందు వరస ఇళ్లకు వెళ్లి, తిరగగలిగినవాళ్లను ఒక్కొక్కరినీ అడిగారు. తొమ్మిదిమంది వచ్చారు. మనిషిని నొప్పి కలగకుండా పక్కకు తిప్పడం, వీపు కింద దిండు పెట్టడం అసిరి వాళ్లకు నేర్పింది. దీపంతో పనిలేకుండా పగలంతా రెండు గంటలకోసారి అందరినీ తిప్పాలని తీర్మానించుకున్నారు. వేళ చెప్పే పని జోసెఫ్ గారిది. దాచుకున్న గార్డు ఈల తీసుకొచ్చి ఎనిమిదికి, పదికి, పన్నెండుకి సెకను తేడా లేకుండా ఊదేవారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు బండి ఎప్పుడైనా ఈ మాత్రం వేళకు నడిపారా అని వరాలమ్మ అడిగితే, అప్పుడు ఇంజను నా మాట వినలేదమ్మా అన్నారు.

నాణ్యత తనిఖీ కమిటీ రావలసిన వారంలో మేనేజరు పట్నాయక్ మాస్టారిని గదికి పిలిచాడు. టీ తెప్పించాడు. నివాస ఒప్పందంలో ఒక షరతు ఉందనీ, తోటివాళ్ల ప్రశాంతతకు భంగం కలిగిస్తే చోటు ఖాళీ చేయవలసి ఉంటుందనీ మెత్తగా గుర్తుచేశాడు. కమిటీ ఉన్న ఆ ఒక్క పూటకూ బడి ఆపమన్నాడు.

"మీ బాధ నాకు తెలుసు మాస్టారూ. కానీ మీ బాధని తీసుకెళ్లి అందరి మంచాల మీదా పరిస్తే ఎలాగండీ?"

"పరిచింది నా బాధ కాదండి. అది వాళ్లదే. ఇన్నాళ్లూ నేను రాయలేదు, అంతే."

"ఖాళీ చేయమంటే ఎక్కడికి వెళ్తారు?"

"ఎక్కడికీ వెళ్లనండి. ఇక్కడే ఉంటాను" అని మాస్టారు టీ తాగకుండా లేచారు.

పట్నాయక్ తస్లీమ్‌కు ఫోను చేశాడు. రెండు రోజులపాటు చాపలకు పాత చదువు తిరిగి ఎక్కించమన్నాడు. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపండి, ఎక్కిస్తాను అందట ఆమె. అతను పంపలేదు.

కమిటీ వచ్చిన రోజున వెనక విభాగంలో ముప్పైరెండు దీపాలలో పదమూడు పసుపు, నాలుగు ఎరుపు. కమిటీలో పెద్దావిడ ఆ వరస చూసి నడక తగ్గించింది. యంత్రంలో ఏదో చిన్న ఇబ్బంది, బాగుచేయిస్తున్నామని పట్నాయక్ చెబుతున్నాడు. ఆవిడను వరాలమ్మ గదికి తీసుకెళ్లాడు. అక్కడ దీపం ఆకుపచ్చగా ఉంది. పదిమంది చేత ముల్లు, తేలు అనిపించిన వరాలమ్మ ఇన్నాళ్లూ తన మాట వచ్చేసరికి, "నాదా? నాకేటి?" అనే అంటూ వచ్చింది. చాపకు ముందు ఆ మనిషి సొంత జవాబే లెక్క గనక, గంజి లెక్క నేర్పిన మనిషి దీపమే మారలేదు.

మాస్టారు గుమ్మం బయట నిలబడ్డారు.

"ఏమ్మా, బాగున్నారా?" అంది పెద్దావిడ.

ఆ ప్రశ్నకు జవాబు ఆ వరండాలో ప్రతివాళ్లకూ తెలుసు. పట్నాయక్ అప్పటికే సగం నవ్వాడు. వరాలమ్మ దుప్పటి అంచును రెండు మడతలు పెట్టింది. మంచం కాళ్ల దగ్గరున్న అసిరిని చూసింది. గుమ్మం బయట ఉన్న తెల్ల చొక్కా అంచును చూసింది.

"బాగు నేదు తల్లీ" అంది. "ఎడం తుంటి. మూడేళ్లనుండి. గంజి ఒంపుకున్నంత."

పెద్దావిడ తలెత్తి ఆకుపచ్చ దీపాన్ని చూసింది. తరువాత అసిరిని చూసింది. అసిరి పలక తీసి గంజి దగ్గర వేలు నొక్కింది. ఒక్క జవాబుకు మారే దీపం కాదు, మారలేదు. బయట జోసెఫ్ గారి ఈల మోగింది. పన్నెండైంది. తిప్పడానికి ఇద్దరు లోపలికి రాబోతే కమిటీవాళ్లు గోడకు ఒత్తుకుని దారి ఇచ్చారు.

తీరవనం అయిదు నక్షత్రాల నుంచి రెండుకు దిగింది. పట్నాయక్ మాస్టారితో మాట్లాడటం మానేశాడు గాని, ఖాళీ చేయమని కాగితం ఇవ్వలేదు. నలుగురు ఆయాలను తిరిగి తీసుకున్నారు. రెండు గంటలకోసారి తిప్పాలన్నది రాతమూలకంగా నియమమైంది. వరాలమ్మ తుంటికి ఎక్స్‌రే తీస్తే ఎప్పుడో ఎముక విరిగిన గుర్తు కనిపించింది. పందొమ్మిదో రోజున ఆవిడ దీపం పసుపైంది. దానికేసి చాలాసేపు చూసి, "ఇన్నాళ్లకి బుద్ధొచ్చినాది దీనికి" అంది.

నూకరత్నం పడుకున్న మంచం మీదికి కొత్తావిడ వచ్చింది. అసిరి ఆవిడను అడుగుతున్నప్పుడు మాస్టారు బయట బల్ల మీద కూర్చుంటారు. పని అయిందని అసిరి పిలిస్తే లోపలికి వెళ్లి, కాసేపు కూర్చుని వస్తారు.

తస్లీమ్ కంపెనీకి రాసిన ఉత్తరానికి, పరిశీలిస్తున్నాం అని జవాబు వచ్చింది. రెండో ఉత్తరానికి రాలేదు. పదకొండు ఆశ్రమాల చిరునామాలు ఆమె మాస్టారికి ఇచ్చింది. సాలూరు దగ్గర ఒకచోటికి ఆయన అసిరిని తీసుకుని వెళ్లారు. అక్కడ నేర్పనిచ్చారు. ఇంకోచోట గేటు దగ్గరే ఆపేశారు. ఆ గేటు దగ్గరికి మాస్టారు మళ్లీ మూడుసార్లు వెళ్లారు. ఇంకోసారి వెళ్లడానికి బస్సు టిక్కెట్టు తీసుకున్నారు.

మిగిలిన పది ఆశ్రమాల్లో ఆరువందల నలభై మంచాల కింద చాపలు ఇంకా ఆయన వేసిన సున్నాలతోనే పనిచేస్తున్నాయి. వాటినెవరూ దిద్దలేదు.